స్కీ రిసార్ట్ టైకూన్: పాత సీడీ నుంచి మంచుకొండ దాకా

1999లో రోలర్‌కోస్టర్ టైకూన్ విపరీతంగా అమ్ముడైన తరువాత, పేరు చివర ‘టైకూన్’ తగిలించుకున్న ఆటలు వరసగా బయటికొచ్చాయి. వాటిలో స్కీ రిసార్ట్ టైకూన్ ఒకటి. క్యాట్ డాడీ గేమ్స్ అనే అమెరికన్ సంస్థ తయారుచేసిన ఈ ఆటను యాక్టివిజన్ వ్యాల్యూ 2000 సెప్టెంబరులో విడుదల చేసింది. మరుసటి ఏడాది రెండవ భాగమూ వచ్చింది. మంచుకొండ మీద మనుషులను తీగల మీదుగా పైకి చేర్చే లిఫ్టులు, కాళ్లకు పలకలు కట్టుకొని జారుతూ దిగే స్కీ బాటలు, హోటళ్లు, భోజనశాలలు, మరుగుదొడ్లు కట్టి, వచ్చిన అతిథులను మెప్పించి, ఖజానా ఖాళీ కాకుండా రిసార్టును నడపడమే ఇందులో పని. విమర్శకులు దీన్ని పెద్దగా మెచ్చుకోలేదు. అయినా నిర్వహణ ఆటలంటే ఇష్టం ఉన్నవారికి ఇది మంచి పాఠశాల అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో చేసే తప్పులన్నీ చివరికి ఒకే తప్పు దగ్గరికి చేరతాయి. ఆ తప్పు ఏమిటో క్యూల లెక్క దగ్గర చెబుతాను.

తెలుగు పాఠకుడికి ఈ ఆటతో రెండు చిక్కులు ఎదురవుతాయి. విండోస్ 98 కాలంలో తయారైన ప్రోగ్రాము నేటి విండోస్ 10, 11ల మీద ఒక పట్టాన నడవదన్నది మొదటిది. మనలో చాలామంది స్కీయింగ్ కొండను కళ్లతో చూసి ఉండకపోవడం వల్ల, ఏది ముందు కట్టాలో, ఎందుకు కట్టాలో తోచకపోవడం రెండవది. రెంటినీ వరసగా చూద్దాం.

సీడీ చేతికి వచ్చాక

ఈ మార్గదర్శి అసలు సీడీ దగ్గరున్నవారి కోసం రాసినది. పాత ఆటలను ‘యజమాని లేని సాఫ్ట్‌వేర్’ అంటూ ఉచితంగా ఇచ్చే సైట్లు కనిపిస్తాయి కానీ, చట్టంలో అటువంటి వర్గమేదీ లేదు. ఆట ఎంత పాతబడినా కాపీరైటు గడువు తీరలేదు. పైగా అక్కడి ఫైళ్లలో ఆటతోపాటు ఇంకేమి వస్తుందో చెప్పలేము.

మీ ల్యాప్‌టాప్‌లో డిస్క్ డ్రైవు లేకపోతే యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు సరిపోతుంది. అది సీడీలనూ చదువుతుంది. డిస్కును మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. సీడీలో సమాచారం వలయాకారంలో ఉంటుంది కాబట్టి, గుండ్రంగా పడిన గీత ఒకే చోట వరసగా ఎంతో సమాచారాన్ని దెబ్బతీస్తుంది. మధ్య నుంచి అంచుకు పడిన గీతను మాత్రం డ్రైవు చాలావరకు సర్దుకుంటుంది. డిస్కు చదవగలిగిన వెంటనే దాని ఐఎస్ఓ ప్రతిని (డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా మార్చిన నకలు) హార్డ్‌డిస్కులో భద్రపరచుకోండి. విండోస్ 10, 11లలో ఐఎస్ఓ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, అది ఒక డ్రైవు లాగా తెరుచుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేయడం

ముందుగా సి డ్రైవులో ‘గేమ్స్’ వంటి పేరుతో ఒక ఫోల్డరు తయారుచేసుకోండి. ఇన్‌స్టాలర్ తనంతట తాను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును సూచించినా ఒప్పుకోవద్దు. ఆ కాలపు ఆటలు తమ సేవ్ ఫైళ్లను తమ ఫోల్డరులోనే రాసుకునేవి. నేటి విండోస్ మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి అలా రాయనివ్వకుండా, ఆ ఫైళ్లను వినియోగదారుని యాప్‌డేటా ఫోల్డరులోని వర్చువల్‌స్టోర్ అనే మూలకు చప్పుడు లేకుండా మళ్లిస్తుంది. ఒకసారి ఇలాగే ఒక పాత ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి, కొత్త కంప్యూటరుకు మారేటప్పుడు ఆట ఫోల్డరును మాత్రమే కాపీ చేసుకున్నాను. నెల రోజులు ఆడిన సేవ్‌లన్నీ పాత యంత్రంలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు డిస్కులోని సెటప్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అన్న అర్థంలో సందేశం వస్తే, సాధారణంగా కారణం ఆట కాదు, దాన్ని ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము. ఆ రోజుల్లో ఆట 32 బిట్‌ది అయినా, దాని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడం మామూలే. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపలేదు. ఇన్‌స్టాల్‌షీల్డ్ పాత రూపాలలో కొన్నింటికి మాత్రం విండోస్ తనలోనే ఒక ప్రత్యామ్నాయం దాచుకొని, అవసరమైనప్పుడు దాన్నే నడుపుతుంది. అందువల్ల కొన్ని డిస్కులు ఏ గొడవా లేకుండా ఇన్‌స్టాల్ అవుతాయి. అలా కానప్పుడు పాత 32 బిట్ విండోస్ ఉన్న యంత్రంలోనో, వర్చువల్ యంత్రం (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరు) లోని విండోస్ ఎక్స్‌పీలోనో ఇన్‌స్టాల్ చేసి, తయారైన ఆట ఫోల్డరును మొత్తంగా మీ కంప్యూటరుకు తెచ్చుకోవడం అన్నింటికన్నా తేలికైన దారి.

ఆట ఫోల్డరు సిద్ధమయ్యాక, ఆట ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబుకు వెళ్లండి. ‘విండోస్ 98/విండోస్ మీ’ రూపాన్ని ఎంచుకొని ఒకసారి నడిపి చూడండి; కుదరకపోతే ‘విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2’ ప్రయత్నించండి. ఒక్కో మార్పు తరువాత ఆటను నడిపి చూడటం ముఖ్యం. ఐదారు గళ్లు ఒకేసారి టిక్ చేస్తే, ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియకుండా పోతుంది.

తెర నల్లబడితే, రంగులు చెదిరితే

ఆట మొదలయ్యాక ఎదురయ్యే చిక్కులలో ఎక్కువ భాగం బొమ్మలు గీసే పద్ధతికి సంబంధించినవి. 2000 నాటి ఆటలు విండోస్‌లో బొమ్మలు గీసే భాగాలైన డైరెక్ట్‌డ్రా, పాత డైరెక్ట్3డీలను (ఇవి డైరెక్ట్‌ఎక్స్‌లోని భాగాలు) నమ్ముకొని పనిచేసేవి. నేటి గ్రాఫిక్స్ డ్రైవర్లు వాటిని అరకొరగా మాత్రమే పట్టించుకుంటాయి. ముందుగా కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్ల జాబితా తెరిచి, లెగసీ కాంపోనెంట్స్ కింద ఉన్న డైరెక్ట్‌ప్లేను ఆన్ చేయండి. దానికీ బొమ్మలకూ నేరుగా సంబంధం లేకపోయినా, అది లేనిదే మొదలుకాని పాత ఆటలు ఉన్నాయి.

అప్పటికీ తెర నల్లగానే ఉంటే డీజీవూడూ 2 అనే ఉచిత ఉపకరణం ఉపయోగపడుతుంది. పాత డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞలను కొత్త డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞలుగా మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందించడం దాని పని. దాన్ని తయారుచేసినవారి సొంత పేజీ నుంచే దించుకోండి. అందులోని ఎంఎస్ ఫోల్డరు కింద ఎక్స్86 అనే ఫోల్డరులో డీడ్రా, డీ3డీఇమ్ అనే డీఎల్ఎల్ ఫైళ్లు ఉంటాయి. ఈ రెంటినీ, డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్ ఫైలునూ ఆట ఫోల్డరులో, ఆట ఫైలు పక్కనే పెట్టండి. కంట్రోల్ ప్యానెల్ తెరిచి డైరెక్ట్‌ఎక్స్ ట్యాబులో వాటర్‌మార్కును మొదట ఉంచేయండి: ఆట తెర మూలలో ఆ గుర్తు కనిపిస్తే ఉపకరణం పనిచేస్తున్నట్లు, కనిపించకపోతే ఫైళ్లు తప్పు చోట పెట్టినట్లు. నిర్ధారణ అయ్యాక దాన్ని తీసేయవచ్చు.

అతిథులు పిచ్చి వేగంతో పరుగెత్తుతున్నా, శబ్దం తెగిపోతున్నా, టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ ట్యాబులో ఆటను ఎంచుకొని ‘సెట్ అఫినిటీ’ ద్వారా దానికి ఒక్క సీపీయూ కోరును మాత్రమే కేటాయించి చూడండి. ఏదీ ఫలించకపోతే 86బాక్స్ వంటి ఎమ్యులేటరులో (పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములో) 1990ల నాటి కంప్యూటరును, ఆనాటి వూడూ గ్రాఫిక్స్ కార్డుతో సహా, పునర్నిర్మించుకొని విండోస్ 98లో ఆడవచ్చు. అది ఒక సాయంత్రంలో తెమిలే పని కాదు, గట్టి ప్రాసెసరూ కావాలి. కానీ ఒకసారి కుదిరితే మరెన్నో పాత ఆటలకు పనికొస్తుంది.

కొండను చదవడం

ఆటలో రెండు పద్ధతులున్నాయి. శాండ్‌బాక్స్‌లో గడువు గానీ లక్ష్యం గానీ లేకుండా ఇష్టం వచ్చినట్లు కట్టుకోవచ్చు. సినారియోలో ఇంత డబ్బుతో, ఇంత కాలంలో, ఈ పని పూర్తిచేయాలని షరతు ఉంటుంది. మొదటి రెండు మూడు సార్లు శాండ్‌బాక్స్‌లోనే ఆడండి. గెలవాలన్న తొందర లేనప్పుడే కొండ కనిపిస్తుంది.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. గుల్‌మార్గ్‌లో కేబుల్ కారు ఎక్కే మన పర్యాటకులలో చాలామంది పైన ఫోటోలు తీసుకొని అదే దారిలో దిగివస్తారు. స్కీయర్‌కు లిఫ్టు ఎక్కడానికే. దిగడం కోసమే అతడు వస్తాడు. కాబట్టి స్కీ కొండను విడివిడి కట్టడాల గుంపుగా కాక, చక్రంగా చూడాలి: లిఫ్టు ఎక్కడం, బాట మీద జారడం, మళ్లీ అదే లిఫ్టు క్యూలో నిలబడటం. మీరు గీసే ప్రతి బాటా ఏదో ఒక లిఫ్టు అడుగుకు తిరిగి చేరాలి. బాట చివర లిఫ్టు లేకపోతే అతిథి నడవాల్సి వస్తుంది. స్కీ బూట్లతో నడవడం కన్నా చికాకు మరొకటి లేదు.

తరువాత వాలు సంగతి. అమెరికాలో బాటలకు ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు. ఐరోపాలో చాలాచోట్ల ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. స్థూలంగా వంద మీటర్ల అడ్డదూరానికి ఇరవై ఐదు మీటర్ల లోపు దిగేది తేలిక బాట, ఇరవై ఐదు నుంచి నలభై దాకా మధ్యస్థం, ఆపైన కష్టం. ఈ గుర్తులు ఏ కొండకు ఆ కొండ పోలికతో పెట్టేవి. ఒక చోటి నీలం మరో చోట నలుపు కావచ్చు. కొత్త ఆటగాడు కొండ శిఖరం చూసి ముచ్చటపడి మొదటి లిఫ్టును అక్కడికే వేస్తాడు, అప్పుడు దిగే బాటలన్నీ నిటారుగా వస్తాయి. మీ మొదటి బాట తేలికపాటిదై ఉండాలి. నేర్పరి తేలిక బాట మీద విసుక్కుంటూనైనా దిగగలడు, నేర్చుకొనేవాడు నల్ల బాట మీద దిగనే లేడు.

మొదటి లిఫ్టు, క్యూల లెక్క

మొదట చెప్పిన తప్పు ఇక్కడిదే. రిసార్టు అందంగా ఉందా, హోటలు పెద్దదా అన్నది కాదు, గంటకు ఎంతమందిని కొండపైకి చేర్చగలరన్నదే ఈ ఆటలో మొదటి అంకె. దాన్ని పట్టించుకోకుండా కట్టిన ప్రతి కట్టడమూ క్యూను పెంచుతుంది.

లోకంలో మొదటి చెయిర్‌లిఫ్టు 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీలో నడిచింది. యూనియన్ పసిఫిక్ రైలు సంస్థ ఇంజనీరు జేమ్స్ కరన్ అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే కొక్కేల యంత్రాన్ని చూసి, కొక్కేల బదులు కుర్చీలు తగిలించాడు. అరటిగెల పోలిక లెక్కకు బాగా పనికొస్తుంది: ఎన్ని సెకన్లకు ఒక కొక్కెం వస్తుందన్నదే లిఫ్టు శక్తి. ఇద్దరు కూర్చునే కుర్చీ ఆరు సెకన్లకు ఒకటి వస్తే గంటకు ఆరువందల కుర్చీలు, అంటే 1,200 మంది.

ఇప్పుడు వెయ్యి మీటర్ల లిఫ్టు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో నడుస్తోందనుకుందాం. ఎక్కడానికి 400 సెకన్లు. దిగడానికి ఐదు నిమిషాలు పడుతుందనుకుంటే, క్యూ లేని చక్రం 11 నిమిషాల 40 సెకన్లు. కొండ మీద 300 మంది తిరుగుతుంటే, గంటకు 1,200 మంది చొప్పున అందరికీ ఒక వంతు రావడానికి 15 నిమిషాలు కావాలి. తేడా అయిన 3 నిమిషాల 20 సెకన్లూ ప్రతివాడూ క్యూలో నిలబడతాడు. ఇది సహించదగినదే. అతిథులు 600 అయితే వంతు 30 నిమిషాలకు ఒకసారి వస్తుంది, క్యూ 18 నిమిషాలు దాటుతుంది. అతిథులు రెట్టింపైతే క్యూ రెట్టింపు కాలేదు, ఐదింతలు దాటింది. నిన్నటిదాకా చక్కగా నడిచిన రిసార్టు ఇవాళ ఉన్నట్టుండి ఎందుకు పాడైందో తోచక ఆటగాళ్లు తలపట్టుకొనేది ఈ మలుపులోనే. ఇవి నిజమైన కొండల అంకెలు. ఆటలో వేగాలు, దూరాలు వేరుగా ఉన్నా, లెక్క తీరు మారదు. మీ లిఫ్టు ముందు ఒక నిమిషం పాటు కళ్లప్పగించి, ఎన్ని కుర్చీలు కదిలాయో లెక్కపెడితే మీ అంకె మీకు తెలుస్తుంది.

ఈ లెక్కలో ఇంకో రెండు సంగతులున్నాయి. క్యూ పెరిగిందని కొత్త బాట గీస్తే ఏమీ తగ్గదు. బాట మీద ఏ క్షణానైనా ఉండేది లిఫ్టు పైకి చేర్చినవారే. పై లెక్కలో ఆ సంఖ్య 100 మాత్రమే (గంటకు 1,200 అంటే దిగే ఐదు నిమిషాలకు 100), అతిథులు 300 అయినా 600 అయినా అంతే. రెండో బాట వేస్తే బాటకు 50 మంది చొప్పున దిగుతారు, జారడానికి హాయిగా ఉంటుంది, క్యూ మాత్రం అలాగే ఉంటుంది. ఇక లిఫ్టు వేగం రెట్టింపు చేసి, కుర్చీల మధ్య వ్యవధిని ఆరు సెకన్లుగానే ఉంచితే, గంటకు ఎక్కేవారి సంఖ్య మారదు. ఎక్కే సమయంలో మిగిలిన 200 సెకన్లు క్యూలోకి చేరతాయి. వేగమైన లిఫ్టు పొడవైన దూరాలకు మంచిది. క్యూ తగ్గాలంటే ఎక్కువ సీట్ల కుర్చీ కావాలి, లేదా అడుగు వేరే చోట ఉన్న రెండో లిఫ్టు కావాలి. రెండో లిఫ్టును మొదటిదాని పక్కనే వేసే కన్నా, మొదటి లిఫ్టు పైకొన నుంచి చిన్న బాటతో చేరుకోగల మరో లోయలో వేయండి. అలా చేస్తే మొదటి క్యూలోని జనమే అటు మళ్లుతారు.

తిండి, మరుగుదొడ్డి, గది

భోజనశాలను ఆదాయం కోసం కట్టేదని అందరూ అనుకుంటారు. అది క్యూను కూడా తగ్గిస్తుంది. పైన చెప్పిన 600 మందిలో 150 మంది ఏదో ఒక బల్ల దగ్గర కూర్చుంటే, తిరిగేవారు 450. చక్రం 22న్నర నిమిషాలు, క్యూ 11 నిమిషాల లోపు. లిఫ్టు కొనకుండానే క్యూలో ఏడు నిమిషాలు తగ్గాయి, పైగా చేతిలో డబ్బు. కాబట్టి మొదటి భోజనశాల లిఫ్టు అడుగున, క్యూలో విసిగినవారి కంటికి కనిపించేలా ఉండాలి. రెండవది కొండపైన, బాట మొదలయ్యే చోట.

మరుగుదొడ్లను కొత్తవారు చివరకు వదిలేస్తారు. లిఫ్టు అడుగున ఒకటి, కొండపైన ఒకటి తప్పనిసరి. పైన లేకపోతే పైనున్న అతిథి కిందికి రావాలి, వచ్చినవాడు మళ్లీ క్యూలో నిలబడాలి. చవకలో అయ్యే కట్టడం ఖరీదైన లిఫ్టులో చోటు తినేయడం అంటే ఇదే.

హోటలు విషయంలో మాత్రం నిదానం అవసరం. గదులు కట్టడమంటే కొండ మీదికి మరింతమందిని పిలవడం. లిఫ్టు క్యూ ఇప్పటికే ఐదు నిమిషాలుంటే హోటలు కట్టకండి, ఆ డబ్బు లిఫ్టుకు పెట్టండి. క్యూ ఒకటి రెండు నిమిషాలకు తగ్గి, కుర్చీలు ఖాళీగా వెళుతున్నప్పుడు హోటలు కట్టండి. ఈ వరస తప్పక పాటిస్తే ఆటలో సగం గెలిచినట్లే.

యెతి గురించి ఒక మాట. ఈ ఆటలో హిమమానవుడు కనిపిస్తాడు, కనిపించి ఊరుకోకుండా అతిథులను తినేస్తూ కూడా దొరుకుతాడు. ఇంత నిక్కచ్చిగా లెక్కలు వేసుకునే ఆటలో ఆ దృశ్యం చూసి నేను చాలాసేపు నవ్వుకున్నాను. క్యూను తగ్గించే మార్గాలలో దీన్ని మాత్రం సిఫారసు చేయలేను.

సినారియోలకు వెళ్లేటప్పుడు

సినారియో తెరుచుకోగానే లక్ష్యాన్ని, గడువును, చేతిలోని డబ్బును కాగితం మీద రాసుకోండి. డబ్బును మూడు భాగాలు చేయండి: సగం మొదటి లిఫ్టుకు, దాని తేలిక బాటకు, పావు వంతు తిండికి, మరుగుదొడ్లకు, మిగిలిన పావు వంతు ముట్టుకోకూడదు. మొదటి క్యూ పెరిగేది మీరు అనుకోని చోట కాబట్టి, ఆ పావు వంతు అక్కడికి వెళుతుంది. మొదట్లోనే చేతులు ఖాళీ చేసుకున్నవారు క్యూ పెరగడం కళ్లారా చూస్తూ ఆదాయం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ లోగా అతిథులు విసిగి వెళ్లిపోతారు, ఆదాయమూ రాదు.

గడువులో పావు వంతు గడిచేసరికి ఒకసారి, సగం గడిచేసరికి మరోసారి వేర్వేరు పేర్లతో సేవ్ చేసుకోండి. ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ రాస్తే, తప్పు ఎప్పుడో జరిగిపోయిందని తెలిసేనాటికి దానికి ముందున్న కొండ మీ దగ్గర ఉండదు. ఆట హఠాత్తుగా మూసుకుపోవడం పాత ఆటలకు మామూలే కనుక, ఆ ఫైళ్ల కాపీని రోజూ వేరే ఫోల్డరులో పెట్టుకోవడం కూడా మంచిది.

గడువు చివరి భాగంలో లక్ష్యం డబ్బు అయితే కొత్త కట్టడాలు ఆపేయండి. ఆ దశలో కట్టిన లిఫ్టు తన ఖరీదును తిరిగి సంపాదించే లోపే గడువు ముగుస్తుంది. లక్ష్యం అతిథుల సంఖ్య అయితే దీనికి తలకిందులు: దాచిన పావు వంతును బయటికి తీసి, క్యూ అతి చిన్నదిగా ఉన్న లిఫ్టు పక్కన గదులు కట్టండి.